రెండో చరణం దగ్గర ఆగే పాట

జూన్ 14

అటక మీది నుంచి వయొలిన్ పెట్టె దింపించాను. మావయ్యగారిది. నేను ఈ ఇంటికి కోడలిగా రాకముందే ఆయన పోయారు. లోపల తీగలన్నీ తుప్పు... ఒక బొద్దింక కాపురం. అత్తయ్యగారు మూత నిమురుతూ, "సాయంకాలం ప్రార్థనకి రోజూ దీని మీదే వాయించేవారమ్మా ఆ పాట. ఆయన పోయాక ఇంట్లో మేమెవరం పాడలేదు."

ఏలూరు చెవుల డాక్టరు నిన్న చెప్పింది ఇంకా మింగుడుపడటం లేదు. అత్తయ్యగారికి ఎడమ చెవి పోయిందట. కుడిది కూడా మెల్లగా పోతుందట. మిషను పెట్టినా ఎంతకాలమో చెప్పలేరట. ఆవిడ మాత్రం తేలిగ్గా, "ఇది కూడా పోయేలోపు ఆ పాట ఒక్కసారి వినాలనుందే అమ్మాయ్."

"నేను వాయిస్తానండీ" అనేశాను. కమాను ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలియదు నాకు!

జూన్ 21

గూడెంలో వయొలిన్ నేర్పే మాస్టారు ఒప్పుకున్నారు. తుప్పు తీగలు తీసేసి కొత్తవి ఆయనే వేశారు. శనివారం రైల్లో వెళ్ళడం, మిగతా రోజులు ఇంట్లో సాధన, సందేహం వస్తే వీడియో కాల్. రైల్లో పక్కావిడ — "కుట్టు మిషనాండీ?" కాదండీ, వయొలిన్. "మీ పాపదాండీ?" ఒళ్ళు మండింది. నాదేనండీ, అన్నాను రైలు పెట్టెంతా వినపడేట్టు.

జూన్ 23

కీచు. కీచు. కీచు.

జూన్ 27

ఎదురింటావిడ కిటికీ మూసేసింది. అత్తయ్యగారు మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు, చెవి మిషను సౌండు పెంచుకుని మరీ. నా సంగీతాన్ని భరించే ఒకే ఒక్క మనిషికి సరిగ్గా వినపడదు. ఏం చెప్పుకోను!

జూలై 5

ఈయన్ని ఏం చెయ్యాలి? ఆకివీడు చేపల చెరువుల దగ్గర నుంచి వచ్చారు. నేను కూరలకి వెళ్ళి వచ్చేలోపు కమాను వెంట్రుకలకి మిషనాయిలు పట్టించారు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా, గుడ్డతో, ఎంతో శ్రద్ధగా. "కీచుమంటోందని బాధపడుతున్నావు కదా... చెరువులో ఏరేటరు కీచుమంటే ఇదేగా చేస్తాం!"

నీళ్ళలో గాలి తిప్పే మిషనూ, కమానూ ఒకటేనా మహానుభావా! రోజిన్ బిళ్ళ రుద్ది రుద్ది గరుకు తెచ్చుకుంటేనే పలుకుతుంది అది. ఇప్పుడు కీచుమనడం కూడా లేదు. తీగ మీద జారిపోతోంది.

తిట్టాను. ఆ ముఖం చూసి నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. అత్తయ్యగారి చెవి నాకోసం ఆగదు కదా.

జూలై 6

తెల్లారకుండానే ఈయన గూడెం వెళ్ళి కొత్త కమాను తెచ్చారు. మాస్టారు ఏమన్నారని అడిగితే చెప్పరు.

జూలై 30

పల్లవి వచ్చింది! మొదటి చరణం కుంటుకుంటూ వచ్చింది. రెండో చరణం ఎత్తుకోవడమే పై స్వరంలో... చెయ్యి పైకి జరపాలి. నేను జరిపేసరికి పాట ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా అత్తయ్యగారు "ఆఁ... అదీ!" అని తల ఊపుతారు. పాపం, నేను చిన్నబుచ్చుకుంటానని.

మాస్టారికి ఆ జాలి లేదు. "ఆగకూడదమ్మా. ఎక్కడైనా తప్పండి గానీ ఆగకండి."

ఆగస్టు 10

చర్చిలో ఇవాళ అదే పాట పాడారు. రెండో చరణం దగ్గర అందరూ ముందుకెళ్ళిపోయారు. అత్తయ్యగారు ఒక్కరే వెనకబడ్డారు. ముందు వరసలో వాళ్ళు తిరిగి చూశారు. వినపడటం లేదు, పాపం. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. త్వరపడాలి.

ఆగస్టు 19

"టీవీ పెట్టమ్మా" అన్నారు. టీవీ మోగుతూనే ఉంది.

సెప్టెంబరు 6

ఆగలేదు! మాస్టారి ముందు పాటంతా ఒక్క ఊపులో. "ఇంక ధైర్యంగా వాయించండమ్మా ఇంట్లో." రైల్లో సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు.

సెప్టెంబరు 7

ప్రార్థనకి ఈయన చెరువుల పని మానుకుని వచ్చారు. నేను వాయించాను, వాళ్ళిద్దరూ పాడారు. ఇన్నేళ్ళకి ఈ ఇంట్లో ఆ పాట. రెండో చరణం వచ్చింది. చెయ్యి జరిగింది, పై స్వరం పలికింది, ఎక్కడా ఆగలేదు... నా వెనక గొంతులు లేవు. తల్లీ కొడుకూ ఇద్దరూ ఒకేచోట ఆగిపోయి ఉన్నారు.

"ఏమైందండీ?" అంటే ఈయనకీ తెలియదు. "ఏమో... అక్కడ ఆగాలిగా?"

అత్తయ్యగారు నవ్వుతున్నారు. కళ్ళు తుడుచుకుంటున్నారు. "మీ మావయ్యగారికి ఆ పై స్వరం అందేది కాదమ్మా. ఆగేవారు. వేలు జరుపుకుని, గొంతు సవరించుకుని, నా వైపు ఒకసారి చూసి, అప్పుడు ఎత్తుకునేవారు. మేమూ ఆగేవాళ్ళం. మా ఇంట్లో ఈ పాట అంతే." తర్వాత నా చెయ్యి పట్టుకుని — "మొదట్లో నువ్వూ బాగానే ఆగేదానివే!"

ఓరి దేవుడా. చర్చిలో కూడా ఆవిడ వెనకబడలేదు. ఆయన కోసం ఆగారు.

సెప్టెంబరు 9

ఇప్పుడు ఆగడం రావడం లేదు! చెయ్యి దానంతటదే వెళ్ళిపోతోంది. మాస్టారికి ఫోన్ చేశాను. "ఆగడం నేర్పాలాండీ? అది మాన్పించడానికే కదండీ మీ ప్రాణం తీశాను!" పకపకా నవ్వారు. సంగతంతా చెప్పాక నవ్వు ఆపేశారు. "అది నాకు రాదమ్మా. ఆవిడ దగ్గరే నేర్చుకోండి."

సెప్టెంబరు 15

అత్తయ్యగారు చెవి మిషను పెట్టుకునే ఉన్నారు. నాలుగడుగుల దూరం నుంచి పిలిచాను. పలకలేదు. భుజం తట్టాల్సి వచ్చింది.

సెప్టెంబరు 18

మధ్యాహ్నం ఆవిడకి ఎదురుగా కూర్చుని వాయించాను. రెండో చరణం ముందు కమాను ఎత్తేశాను. ఎంతసేపు ఆగాలో తెలియదు. వేలు జరుపుకుని ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఊపిరి తీసుకున్నారు. అప్పుడు ఎత్తుకున్నాను. కలిసింది! నేను వాయిస్తూ, ఆవిడ పాడుతూ చివరిదాకా వెళ్ళాం.

నిజంగా వినపడిందా, నా చెయ్యి చూసి పాడారా... ఉండబట్టలేక అడుగుదామని ఆవిడ గదికి వెళ్ళాను. చెవి మిషను తీసి దిండు పక్కన పెట్టేశారు. గోడవైపు తిరిగి పడుకుని, ఆ పాటే కూనిరాగం తీస్తున్నారు.

రెండో చరణం దగ్గర ఆగారు. గుమ్మంలో నేనూ ఆగాను.