చదివేవాళ్ల వాటా

కుంజంబు మాస్టారికి,

బీడీ షెడ్డు నుంచి నమస్కారం. మాకు నచ్చిన పుస్తకాల్లో "ఇది తప్పక చదవండి" అని చీటీలు అంటించి గ్రంథాలయానికి తిరిగి పంపితే, మీరు ఆ చీటీలు చింపేశారట. "బీడీలు చుట్టేవాళ్లకు గ్రహాలూ చరిత్రలూ ఎందుకు, నవలలు పట్టుకెళ్లమను" అన్నారట.

మా షెడ్డులో ఒకరు చదువుతారు, మిగతావాళ్లు వింటూ చుడతారు. చదివినవాళ్ల వాటా బీడీలు కూడా విన్నవాళ్లే చుట్టి ఇస్తారు. ఇప్పుడు చదివేది నేను. మిరియాల కోసం ఓడలెక్కి వచ్చినవాళ్ల చరిత్ర చదివిన రోజు నా పక్కన కూర్చునే చీరు అక్క ఆకు కత్తిరించే కత్తెర పక్కన పెట్టి, "మిరియాలకే ఇంత కథుంటే మన చేతిలో పొగాకుకు ఎంతుందో. ఆ పుస్తకం కూడా తేవే" అంది. అడిగితే మీరు లేదన్నారు. మీ వెనక బీరువాలోనే ఉంది, నేను చూశాను.

చీటీలు మళ్లీ అంటిస్తాం. ఈసారి బీడీ కట్టల లేబుళ్లకు వాడే జిగురుతో, గోటితో గీకినా ఊడవు.

తోకచుక్కల పుస్తకం మీకూ సిఫారసు చేస్తున్నాం. చదివే తీరిక లేకపోతే సోమవారం షెడ్డుకు రండి, నేనే చదివి వినిపిస్తాను. మీరు నా వాటా చుడుదురుగాని. కత్తెర మేమే ఇస్తాం.

ఇట్లు,
షెడ్డులో చదివే మనిషి