చప్పట్లు కొట్టినవాళ్ల ఓట్లు

మంగళవారం

ఈ మనిషితో విసిగిపోయాను. కార్పొరేటర్‌గా నిలబడ్డ మా కామ్రేడ్ సత్యమన్న పది రోజులుగా కొత్తగూడ అడ్డా మీద, పని కోసం నిలబడ్డ కూలీలకే ఉపన్యాసాలిస్తున్నాడు. ఈరోజు కూడా మేస్త్రీలు వచ్చేదాకా చప్పట్లు మోగాయి.

"చూసినవా, గెలుపు మనదే!" అన్నాడు నాతో.

పార పట్టుకున్న ఎల్లమ్మ నవ్వింది. "మంచిగ మాట్లాడినవ్ అన్నా. గని మా ఓట్లన్నీ పాలమూరుల ఉన్నయి. గిదేదో ముందుగాల అడగొద్దా?"

ఆయన ముఖం మాడిపోయింది.

"ఎదురుంగ మా అపార్ట్‌మెంట్ల మస్తు ఓట్లున్నయి. గేటు కాడ ఉండేది నేనే. పోదాం పా అన్నా," అన్నాను.

"ఆ సాఫ్ట్‌వేరోళ్లకు మన మాట ఎక్కదు."

ఎక్కదని ఎవరు చెప్పారు? మూడో అంతస్తు మేడమ్ నిన్ననే అడిగింది, "నీళ్ల ట్యాంకర్ల గురించి మీ సత్యంగారు ఏమైనా చేస్తారా?" అని. ఆ మాట చెప్పినా వినలేదు. రేపు పొద్దున మళ్లీ అడ్డా మీదే మీటింగట!

వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ ఓటన్న నాకే గద, తమ్మీ?"

ఇక్కడికొచ్చి పన్నెండేళ్లయినా నా ఓటూ పాలమూరులోనే ఉంది. మార్చుకోవాలని ఏటా అనుకుంటాను.

తలూపాను.