వరిగడ్డి గురించి అడిగిన ఆవిడ

మంగళవారం, అమీర్‌పేట

మా ఎండీకి తను అమ్మే సిలికాన్ ఎరువు గురించి ఓనమాలు కూడా తెలియవు. ఈ రోజు పంజాగుట్ట హోటల్లో రైతుల మీటింగ్ పెట్టి, నేను రాసిచ్చిన నాలుగు ముక్కలు పట్టుకుని మహా శాస్త్రవేత్తలా మాట్లాడాడు. వరి కాండం గట్టిపడుతుంది, గాలికి పడిపోదు అన్నంతవరకు నిజమే. ఆ తర్వాత యూరియా అక్కర్లేదన్నాడు, తెగుళ్లే రావన్నాడు. అవి నేను రాయలేదు.

వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ లేచింది. "సారూ, వరిగడ్డిల సుత గిది ఉంటదంట గదా? మేం గడ్డి కాలవెట్టం, పొలంలనే కలిపి దున్నుతం. మరి గీ సంచి ఎందుకు?"

"ఏంటమ్మా, గడ్డి గేదెలకి వెయ్యండి, సైన్స్ మాకు వదిలెయ్యండి" అన్నాడు. హాలంతా నవ్వింది. సైన్స్ ఈయనదట!

ఆవిడ స్టేజీ పక్కన నిలబడ్డ నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా."

"ఉంటుందమ్మా. ముందు మట్టి పరీక్ష చేయించండి, తక్కువని తేలితేనే కొనండి" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి.

ఆఫీసుకి తిరిగొచ్చాక, "రేపట్నుంచి మీటింగులకి రావద్దు" అన్నాడు. అది శిక్ష అనుకుంటున్నాడు పాపం.

అసహ్యం ఆయన ఒక్కడి మీదే అయితే ఈపాటికి హాయిగా నిద్రపోయేదాన్ని. మూడేళ్లుగా ఆ స్టేజీ పక్కన నిలబడి తలూపింది నేనే. ఆవిడ నన్ను అడక్కపోతే ఈ రోజూ ఊపేదాన్నే...