ఎవరి దిక్కు వారిది

సారలమ్మకు, నేను క్షేమం. ఇక్కడ ముసురు పట్టింది. పొద్దటి షిఫ్టు చేసి వచ్చి రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది, ఫికర్ పెట్టుకోకు.

గురువారం కాస్త తెరిపిస్తే గనుల జట్ల బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిపారు. ఎప్పటిలాగే నేనూ పక్క క్వార్టరు అస్గరూ రిఫరీలం. ఒకరం బాస్కెట్ కింద, ఒకరం వెనక నిలబడతాం. బంతి అతని దిక్కు ఉంటే నేను దాన్ని చూడకూడదు, నా దిక్కున్న ఆటగాళ్ళనే చూడాలి. ఇన్నేళ్ళలో నాకు ఈ పద్ధతి తప్పలేదు. ఆ రోజు తప్పింది. అస్గర్‌నే చూస్తూ నిలబడ్డాను. నా ముందే ఒకతన్ని మోచేత్తో పొడిచి పడగొట్టారు, నేను చూడలేదు. అంత దూరం నుంచి అస్గరే విజిల్ వేశాడు. "కొమురెల్లి బావా, సారలమ్మ యాదికొచ్చిందా?" అని జనం ఒకటే నవ్వు. అస్గర్ దగ్గరకు వచ్చి, "నీ దిక్కు నువ్వు చూడన్నా. రేపటి సంది గిది చూసేటందుకు నేనుండ" అన్నాడు. అతనికి కాసిపేట గనికి బదిలీ అయింది.

అస్గర్ భార్య హాజిరా వెళ్ళేముందు నీ ఇసుర్రాయి తిరిగి ఇచ్చిపోయింది. మామిడికాయ తొక్కు ఎక్కడ పెట్టావో రాయి, వెతికినా దొరకలేదు. కొత్త రిఫరీని ఇంకా వేయలేదు. మామ కాలు నయమైతే దసరా దాకా ఆగకుండా వచ్చెయ్యి. అత్తమామలకు దండాలు చెప్పు, బిడ్డకు నా దీవెనలు.

అస్గర్ వాళ్ళు శుక్రవారం పొద్దటి బస్సుకు వెళ్ళిపోయారు.