బండి జోరు తీసిందెవరు

ఆదిలాబాద్

మా ఓంప్రకాశ్‌కు అక్క దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. పత్తి రావడం మొదలైంది, మీ బావకు జిన్నింగు మిల్లులో తల ఎత్తే తీరిక లేదు. మనిద్దరం ఫోన్లో మాట్లాడితే మాటా మాటా పెరిగి ఎవరో ఒకరం కట్ చేస్తాం. అందుకే ఇది కాగితం మీద రాసి, బండి ముందు డబ్బాలో పెట్టి, నెలనెలా బండి చేర్చే నాగరాజుతో పంపుతున్నాను. చివరిదాకా చదువు.

బాపు పోయే ముందు సిరిసిల్లలో మరమగ్గాలు అమ్మి మనిద్దరికీ కలిపి కొనిపెట్టిన బండి ఇది. ఒక నెల నీది, ఒక నెల నాది. నువ్వు దుబాయ్ పోయేవాళ్లను విమానాశ్రయంలో దించుతావు, నేను టీచరమ్మలను ఉట్నూరు అవతలి బడులకు తీసుకుపోతాను. ఇన్నాళ్లూ ఏ పేచీ లేదు. ఈసారి నీ దగ్గర్నుంచి వచ్చిన బండి మాత్రం ఘాటు రోడ్డు ఎక్కనంటోంది. ఎంత తొక్కినా అరుపే గాని నడక లేదు. వెనక నల్లటి పొగ. టీచరమ్మలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంటున్నారు.

మల్లేష్ మెకానిక్‌కు చూపించాను. ఇంజను చప్పుడు విని, "ఇంజన్‌కు టర్బో గాలి కొడ్తలేదక్కా" అన్నాడు. బానెట్ మాత్రం ఎత్తనియ్యలేదు. ఎత్తితే రేపు తప్పంతా అతని మీదికి తోస్తావని నాకు తెలుసు.

సూటిగా అడుగుతున్నాను. మంచి టర్బో తీసి ఎవరికి అమ్మావు? పాత సామాన్ల దుకాణంలో దొరికింది ఏదో బిగించి నాకు పంపావా? చిన్నప్పుడు నా పెన్ను తీసుకుని క్యాపు మాత్రం నా సంచిలో పెట్టినవాడివి నువ్వు.

మా మరదలు వనజ ఒంట్లో ఎలా ఉంది? పోయినసారి చిక్కినట్టు కనిపించింది.

మీ అక్క,
మమతారాణి


కరీంనగర్

అక్కకు, బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి వనజకు కూడా వినిపించాను. "మీ అక్క సంగతి తెల్వదా" అంటుందనుకున్నాను. అన్నం పెట్టి లోపలికి పోయింది. ఆమెకు కూడా బాధ కలిగి ఉంటుంది.

టర్బో అమ్ముకున్నానా? బండి నడవకపోతే నీకంటే ఎక్కువ మునిగేది నేను. నీ టీచరమ్మలు ఆలస్యమైతే హెడ్మాస్టరు ఒక మాట అంటాడు. నా గిరాకీ ఆలస్యమైతే విమానం ఆగదు. నా నెలలో కూడా బండి ఇలాగే సతాయించింది. ఇక్కడి మెకానిక్ నడిపి చూసి, "ఇంజను పాతదైంది అన్నా, పంపు పెంచుకో" అన్నాడు. డీజిల్ పంపు మీద ఒక స్క్రూ ఉంటుంది. తిప్పితే డీజిల్ ఎక్కువ పోతుంది, టర్బో కడ్డీ కూడా కాస్త సరిచేస్తే గాలి ఎక్కువ వస్తుంది. మా అడ్డా మీద పాత బండ్ల వాళ్లందరూ చేయించుకున్నారు. నువ్వు ఊ అంటే చేయిస్తాను. నీ ఘాటుకు కూడా పనికొస్తుంది.

మల్లేష్‌ను మరీ నమ్మకు. చూడకుండానే రోగం చెప్పేవాడి మీద నాకు గురి లేదు.

కుడివైపు కొత్త అద్దం పోయినసారే చూసి ఉంటావు, దానికీ అనుమానపడకు. సుల్తానాబాద్ దగ్గర బర్రె అడ్డమొచ్చింది. అంతే.

నీ పెన్ను దొంగ,
ఓంప్రకాశ్


ఆదిలాబాద్

ఓంప్రకాశ్‌కు,

దీవెనలు ఇంకా ఉన్నాయి గాని, ఈ ఉత్తరం చదివాక వాటికి నువ్వు తగుదువో లేదో నువ్వే చెప్పు.

ఈసారి మల్లేష్ చేత బానెట్ ఎత్తించాను. పక్కన నిలబడి ఒక్కొక్కటి చూపించమన్నాను. టర్బో మనదే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ టర్బో నుంచి ఇంజనుకు గాలి పోయే రబ్బరు పైపు ఉంటుంది కదా, దాని బిగింపు వదులుగా ఉంది. గాలంతా బయటికే పోతోంది. దానంతటది వదులైందేమో అన్నాను. మల్లేష్ తల అడ్డంగా ఊపి, స్క్రూ మీద కొత్తగా పడ్డ గీతలు చూపించాడు. "ఎవలో కావాలనే తిప్పిన్రక్కా" అన్నాడు. బిగించాక అదే బండి ఘాటు మీద నా కాలు కింద ఆగలేదు. టీచరమ్మలు హాయిగా మాట్లాడుకుంటూ కూర్చున్నారు.

మరి తిప్పిందెవరు? నాగరాజుకు ఏం లాభం? ఎటు తిప్పినా నువ్వే కనిపిస్తున్నావు. పంపు పెంచడానికి నా చేత ఊ అనిపించాలని నువ్వే పైపు వదులు చేసి పంపుతున్నావని నా అనుమానం. బండి ఎక్కక నేను విసిగి, చేయించుకోరా నాయనా అనాలి. అంతే కదా నీ ఎత్తు?

బిగింపు స్క్రూ మీదుగా ఎర్ర దారం చుట్టి ముడి వేశాను. దారం తీయకుండా స్క్రూ తిప్పడం కుదరదు. అది ఎవరూ ముట్టుకోవద్దు. మీ మెకానిక్ కూడా. పంపు సంగతి దారం తిరిగొచ్చాక చూద్దాం.

ఇంకొకటి. బర్రె తగిలితే ముందు లైటు పగులుతుంది, బంపరు వంగుతుంది. పక్కనున్న అద్దం ఒక్కటే ఎట్లా పోయింది?

మమత


కరీంనగర్

అక్కా,

నీ దారం ఎట్లా కట్టావో అట్లాగే ఉంది. రోజూ పొద్దున బానెట్ ఎత్తి దానికి దండం పెట్టి బయల్దేరాను. నా చేయి తగల్లేదు. అయినా వారం తిరగకముందే బండి మళ్లీ పడుకుంది. ఇప్పుడేమంటావు? మీ మల్లేష్ పెద్ద పనిమంతుడు కదా, అతన్నే అడుగు.

మొన్న ఒకతన్ని విమానానికి అందించలేకపోయాను. అతనిది రాయికల్ దగ్గరి ఊరు. విమానాశ్రయం బయట పెట్టె మీద కూర్చుని ముఖం కప్పుకున్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

నువ్వు మాత్రం ఎత్తులు, జిత్తులు అంటున్నావు. ఇంతకాలం నవ్వి ఊరుకున్నాను. సొంత అక్క నన్ను మోసగాడని కాగితం మీద రాసి పంపితే ఇక నవ్వు రావడం లేదు. వచ్చే నెల బండి నా దగ్గరికి రాగానే పంపు తిప్పిస్తాను, నువ్వు ఊ అన్నా అనకపోయినా. అది ఇష్టం లేకపోతే బండి అమ్మేసి ఎవరి దారిన వాళ్లం పోదాం. బాపు ఇద్దర్నీ కలిపి ఉంచుతుందనుకుని కొన్న బండి, ఇట్లా అయింది.

ఇక నేను రాయను.

ఓంప్రకాశ్


ఆదిలాబాద్

వనజకు,

ఈ ఉత్తరం మా బండిలో వచ్చే జమున టీచరు పుట్టింటికి వస్తూ నీ చేతికే ఇస్తుంది. తమ్ముడు ఇంట్లో లేనప్పుడు చదువు.

బండి వచ్చింది. దారం అట్లాగే ఉందని వాడు రాశాడు. నిజమే, ఎర్ర దారం ఉంది. దాని కింద బిగింపు వదులుగా ఉంది. ముడి నాది కాదు. నేను కావాలనే రెండు చుట్లు వేసి మోటుగా ముడేశాను. ఇప్పుడున్నది మగ్గం మీద పోగు తెగితే వేసే ముడి. వేలితో తడిమితే తగలనంత సన్నం. మా తమ్ముడు మగ్గం దగ్గర ఎన్నడూ నిలబడలేదు, వాడికి బూటు లేసు కట్టుకోవడమే సరిగ్గా రాదు. నువ్వు పెళ్లయ్యేదాకా సిరిసిల్లలో మగ్గాలకు నూలు కండెలు చుట్టినదానివి. మీ ఇంట్లో ఆ ముడి నీ ఒక్కదానికే వచ్చు.

దారం విప్పి, పైపు వదులు చేసి, మళ్లీ కట్టింది నువ్వే. కాదని రాయకు.

నేను వాణ్ణి మోసగాడన్నాను. ఆ ఉత్తరాలు నీకు వినిపించాడు. విని ఊరుకున్నావు. పైపు కంటే నాకు దాని మీదే కోపం. మమ్మల్నిద్దర్నీ విడదీసి బండి మొత్తం మీరే తీసుకోవాలనా? ఇంకేమైనా ఉందా? నాకు నిజం కావాలి.

మమతారాణి


కరీంనగర్

వదినెకు నమస్కారాలు.

నేనే చేశాను. మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను.

అద్దం తీసింది బర్రె కాదు, లారీ. సుల్తానాబాద్ నుంచి మేమిద్దరం వస్తున్నాం, నేను ముందు సీట్లో ఉన్నాను. మీ తమ్ముడు వడ్ల ట్రాక్టరును దాటబోయాడు. ఎదురుగా లారీ వచ్చింది. ఎట్లా తప్పిందో నాకు తెలియదు, అద్దం ఎగిరిపోయిన చప్పుడు మాత్రం ఇంకా చెవిలో ఉంది. బండి పక్కకు ఆపాక ఆయన నవ్వాడు. "చూసినవా, ఇంజన్ల జోరున్నది గనుకనే బయటపడ్డం. ఇంకింత పెంచాలె" అన్నాడు. "అక్కకు చెప్పకు, పరేషాన్ అయితది" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు అన్నం పోవడం లేదు. మెల్లగా పొమ్మని చెప్పాను, ఏడ్చాను, రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నాను. "నీకు ఫికర్ ఎక్కువ" అన్నాడు. వెనకటికి ఆ పైపు చిరిగి కొత్తది వేయించినప్పుడు నేను చాయ్ తీసుకుపోయాను. "ఇది వదులైతే బండి ముసలిదైతది వదినా" అని ఆ మెకానిక్ నవ్వుతూ చెప్పాడు. అదే గుర్తుపెట్టుకున్నాను.

మీ నెల రాగానే బిగించి పంపాలనుకున్నాను. ప్రతిసారీ నాగరాజన్న వచ్చి బండి తీసేదాకా ఆయన దాని పక్కనే ఉన్నాడు. ఘాటు మీద మీరు పడ్డ కష్టానికి నన్ను ఏమన్నా పడతాను.

ఉత్తరాలు వింటున్నప్పుడు చెప్పాలనిపించింది. చెప్తే ఆ రోజే పైపు బిగించి, పంపు కూడా తిప్పిస్తాడు. మీ నోట మోసగాడు అనిపించుకున్నా మనిషి సాయంత్రానికి ఇంటికి వస్తున్నాడు కదా అనుకున్నాను. నా తప్పే. కానీ ఇంకో దారి తోచలేదు.

వనజ


ఆదిలాబాద్

తమ్ముడు ఓంప్రకాశ్‌కు,

నువ్వు రాయనన్నావు, నేను రాస్తున్నాను. నిన్ను మోసగాడన్నాను. అది తప్పు. పైపు ముట్టింది నువ్వు కాదు, నాగరాజూ కాదు. ఎవరని అడగకు. ఎంత అడిగినా నేను చెప్పను.

ఇప్పుడు పైపు గట్టిగా ఉంది, ఇక వదులు కాదు. కానీ నిన్న మల్లేష్ షెడ్డులో నిలబడి పంపు స్క్రూ వెనక్కి తిప్పించాను. డీజిల్ తగ్గించి, స్క్రూ మీద సీలు వేయించాను. "అందరు పెంచుమంటరు, నువ్వేందక్కా తగ్గియ్యమంటవు" అని మల్లేష్ నా ముఖం చూశాడు. ఇక ఈ బండి దూకదు. ట్రాక్టరు వెనక పడితే ట్రాక్టరు వెనకే పోతుంది. ఘాటు మీద నాకూ నడక తగ్గుతుంది. టీచరమ్మలకు చెప్పాను, ఇక నుంచి పొద్దున్నే బయల్దేరతాం. ఇద్దరు అలిగి జీపు మాట్లాడుకున్నారు. పోనీ.

నీ గిరాకీలను కూడా ముందే బయల్దేరమను. ఆ రాయికల్ మనిషిలా ఇంకొకరు పెట్టె మీద కూర్చోవద్దు. ఆలస్యమయ్యేలా ఉంటే ఆ గిరాకీ ఒప్పుకోకు.

సుల్తానాబాద్ దగ్గర బర్రె లేదని నాకు తెలుసు. బర్రె ఎత్తెంత, అద్దం ఎత్తెంత, ఎవరూ చెప్పనక్కర్లేదు. నాతో అబద్ధమాడినందుకు నిన్ను తిట్టాలని కూర్చున్నాను. కానీ ఆ అద్దాన్ని ఎగరగొట్టింది ఏదైనా గాని, ఇంకొంచెం ఇటు వచ్చి ఉంటే ఈ ఉత్తరం ఎవరికి రాసేదాన్ని?

సీలు తెంపాలనుకుంటే తెంపగలవు, నీ చేతిలో పని. బండి జోరు తీసింది నేను, కావాలనే తీశాను. కోపమొస్తే ఫోన్ చేసి అరుచుకో, ఈసారి కట్ చేయను. వాటా పంచుకుందామంటే పంచుకుందాం, రా. నన్ను అడ్డా మీద పదిమందిలో తిట్టుకో. తిట్టడానికి నువ్వు ఉండాలి, నాకు అంతే కావాలి.

నీ అక్క,
మమత