తడవలేదంటే నమ్మకు

ఫిజీ, వునిమోలి చెరుకుతోట

వదినకి పైడమ్మ రాయించేది. నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకండి. అమ్మ మంచాన పడి పక్క తడుపుతోందన్న నీ ఉత్తరం నాలుగు నెలలకి అందింది.

నన్ను కలుపు పని మాన్పించి ఆసుపత్రి పనిలో వేశారు. మంచాన పడినవాళ్లని ఎలా చూసుకోవాలో నర్సు దొరసాని మాకు నేర్పుతోంది. మన పాలకొండ వైపు ముసలాయన, గంగులు అని, నా వంతుకి వచ్చాడు. "కూతురి లాంటిదానివి, నా గోచీ ముట్టకు తల్లీ. తడవలేదులే" అనేవాడు. పెద్దవాణ్ణి సిగ్గుపెట్టడం ఎందుకని రెండు రోజులు దుప్పటి ఎత్తలేదు. మూడోనాడు దొరసాని ఒత్తిగిల్లబెడితే, తుంటి మీద తోలు ఉడికిన చామదుంప పొట్టులా ఊడొచ్చింది. పది రోజులకి పోయాడు. దొరసాని ఇంకో మంచం నా వంతుకి ఇచ్చింది. తిట్టినా బాగుండేది.

అమ్మ కూడా తడవలేదనే అంటుంది. నమ్మకు, చెయ్యి పెట్టి చూడు. తడిస్తే వెంటనే గోరువెచ్చటి నీళ్లతో కడుగు. రుద్దకుండా మెత్తటి పాతబట్టతో అద్ది, కొబ్బరినూనె పల్చగా రాయి. తడి పీలుస్తుందని బూడిద మాత్రం చల్లకు. గుడ్డలు చాలకపోతే నా పెట్టెలో చీరలు చింపు. తిరిగొచ్చి కట్టుకుందామని దాచిన నీలం చీర కూడా చింపెయ్యి.

ఎర్రావు ఈనిందా? అన్నయ్య దగ్గు తగ్గిందా? పిల్లలకి నా దీవెనలు.

ఇది చేరేలోగా అమ్మ పోతే, చావు కబురు కార్డులా దీన్ని చింపి పారెయ్యకు. ఊళ్లో మంచాన పడ్డవాళ్ల ఇంటికి పట్టుకెళ్లి చదివించు.