సముద్రం కాదు, సరస్సు

శారదక్కా,

మీరు పోయి ఈరోజుకు ఏడాది. ఇక్కడ గల్ఫ్‌లో, షర్క్‌ పేటలోని మన అనువాదాల ఆఫీసులో మీ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. నేను చేసిన తప్పు చెప్పుకోవడానికి మీరు తప్ప ఎవరూ తోచలేదు.

జహ్రాలో ఇంటిపని చేసే రెడ్డెమ్మ పోయిన వారం తన ఫోన్‌కు వచ్చిన ఉత్తరం తెచ్చి చూపించింది. ఆమె భర్త నెదర్లాండ్స్‌లో సరుకు పడవ మీద వంటవాడు. పడవ యజమాని డచ్‌లో రాశాడు. మీరు నేర్పిన జర్మన్ ఉందన్న ధైర్యంతో చదివేసి, "మీ ఆయన సముద్రంలో పడిపోయాడమ్మా, వెతుకుతున్నారు" అన్నాను. ఆమె నేల మీద కూలబడి, అక్కడే గాజులు తీసేసింది.

ఆమె వెళ్లాక అనుమానమొచ్చి నిఘంటువు తీశాను. జర్మన్‌లో 'మేర్' అంటే సముద్రం. పొరుగునే ఉన్న డచ్‌లో అదే మాటకు సరస్సు అని అర్థం. వెంటనే ఫోన్ చేసి చెప్పాను.

"సరస్సంటే చెరువే గదా సార్? అయితే గట్టెక్కుంటాడు. ఆయప్పకు ఈత బాగా వచ్చు" అంది. ఆ గొంతులో సంతోషం విని, కాదనలేకపోయాను.

నిన్న రెండో ఉత్తరం తెచ్చింది. శవం దొరికిందని చెప్పాను.

"ఇంగోసారి చూడు సార్. మొన్న మాదిరి తప్పు సదివింటావు" అంది.

ఆమె ఎదుటే ప్రతి మాటా నిఘంటువులో వెతికానక్కా. ఈసారి ఒక్కటి కూడా తప్పు కాలేదు.